రద్దీ సరే... అందులో మనుషులెందరు?

2020 జూన్ 10. ఇథీరియం అనే బ్లాక్‌చైన్ నెట్‌వర్క్‌లో ఎవరో తమ ఖాతా నుంచి ఇంకో ఖాతాకు 0.55 ఈథర్ పంపారు. ఈథర్ అంటే ఆ నెట్‌వర్క్‌లో చెల్లే డిజిటల్ నాణెం. అప్పటి ధర ప్రకారం పంపిన మొత్తం 130 డాలర్లు. అంటే సుమారు పది వేల రూపాయలు. దాన్ని అవతలికి చేర్చినందుకు కట్టిన చార్జీ ఎంతో తెలుసా? 10,668 ఈథర్లు. డాలర్లలో 26 లక్షలు. మన లెక్కలో 19 కోట్ల రూపాయల పైమాటే!

పది వేల మనియార్డరుకు 19 కోట్ల కమీషనన్నమాట.

అంకె కొట్టడంలో ఎవరో పొరబడ్డారని అందరూ అనుకున్నారు. మర్నాడు అదే ఖాతా నుంచి మరో లావాదేవీ జరిగింది. ఈసారి పంపింది 350 ఈథర్లు. చార్జీ మాత్రం మళ్లీ 10,668 ఈథర్లే. ఒకే పొరపాటు రెండు రోజులు వరసగా, అదీ ఒకే అంకెతో జరుగుతుందా? ఇది బెదిరింపు కావచ్చంది పెక్‌షీల్డ్ అనే చైనా భద్రతా సంస్థ. ఎవరిదో పెద్ద ఖాతా దొంగల చేతికి సగం చిక్కింది, డబ్బును తమవైపు మళ్లించుకోలేక ‘అడిగింది ఇవ్వకపోతే మొత్తం చార్జీల కిందే తగలేస్తాం’ అంటున్నారన్నది దాని వాదన. ఇథీరియం సృష్టికర్త విటాలిక్ బ్యూటెరిన్ కూడా అలా అయి ఉండొచ్చన్నారు.

మామూలు బ్యాంకులో ఇలాంటిది జరిగితే విషయం నాలుగు గోడల మధ్యే ఉండిపోతుంది. ఇక్కడ నిమిషాల్లో ప్రపంచమంతా చూసేసింది. ఎంత పంపారు, ఎంత కట్టారు, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు... అన్నీ బహిరంగమే. కానీ ఆ ఖాతా ఎవరిదో, అలా ఎందుకు చేశారో చిట్టాలో లేదు. అంకె కనిపిస్తుంది, మనిషి కనిపించడు. బ్లాక్‌చైన్ లెక్కలు చదవాలనుకునేవారు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదే. ‘లక్షలమంది వాడుతున్నారు, మీరూ చేరండి’ అంటూ ఫోనుకు సందేశం వచ్చినప్పుడు ఇంటి డబ్బును కాపాడేదీ ఈ సూత్రమే.

ఆటో మీటరు లాంటిదే!

ఇంతకీ బ్లాక్‌చైన్ అంటే ఏమిటి? ఊరి మధ్య రచ్చబండ మీద పెట్టిన చిట్టా పుస్తకం అనుకోవచ్చు. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో అందులో రాస్తారు. ఎవరైనా చదవొచ్చు. రాసింది చెరపడం మాత్రం కుదరదు. ఆ పుస్తకానికి ఒక యజమాని ఉండడు. ప్రపంచంలోని వేలాది కంప్యూటర్లు తలా ఒక నకలు దగ్గర పెట్టుకుని, ప్రతి కొత్త పేజీని సరిచూసుకుంటాయి. ఆ పేజీనే బ్లాక్ అంటారు. 2015 జులై 30న మొదలైన ఇథీరియంలో ఇప్పుడు 12 సెకన్లకో కొత్త పేజీ చేరుతోంది. పంపేవారి ఖాతాలు, చార్జీలు చూడాలంటే ఈథర్‌స్కాన్ లాంటి సేవలున్నాయి. దానికి పైసా కట్టక్కర్లేదు, ఎవరి అనుమతీ అడగక్కర్లేదు.

చదవడం ఉచితమే. రాయించుకోవడానికే డబ్బు కట్టాలి. ఆ చార్జీ లెక్క ఆటో మీటరు లాంటిది. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కిలోమీటరుకు ఎంత... ఈ రెండూ హెచ్చిస్తేనే కిరాయి. ఇక్కడ కిలోమీటర్ల బదులు ‘గ్యాస్’ అంటారు. అంటే ఆ పని చేయడానికి కంప్యూటర్లు పడే శ్రమకు కొలత. ఒకరి నుంచి ఒకరికి ఈథర్ పంపే మామూలు బదిలీకి 21,000 గ్యాస్ అవుతుంది. పని చిక్కుది అయినకొద్దీ గ్యాస్ పెరుగుతుంది. గ్యాస్ ధరను ‘గ్వై’లలో చెబుతారు. వంద కోట్ల గ్వైలు కలిస్తే ఒక ఈథర్.

ఓ చిన్న లెక్క వేద్దాం. ఈథర్ ధర రెండున్నర లక్షల రూపాయలు, గ్యాస్ ధర 100 గ్వైలు అనుకుందాం. 21,000ని వందతో హెచ్చిస్తే 21 లక్షల గ్వైలు. అంటే 0.0021 ఈథర్. రూపాయల్లో 525. అదే గ్యాస్ ధర 1 గ్వైకి పడిపోతే చార్జీ 5 రూపాయల పావలా!

ఈ లెక్కలో ఒక విషయం గమనించారా? పంపే మొత్తం ఎంతన్నది ఎక్కడా రాలేదు. వెయ్యి రూపాయలు పంపినా 525, కోటి పంపినా అదే 525. కోటీశ్వరుడికి అది లెక్కలోకే రాదు. వెయ్యి పంపేవాడికి మాత్రం సగానికి పైగా దారిలోనే పోయినట్టు. అందుకే చార్జీలు పెరిగిన ప్రతిసారీ ముందు తప్పుకునేది చిన్నవాళ్లే. నెట్‌వర్క్‌లో రద్దీ తగ్గినట్టు కనపడకపోవచ్చు. వాడేవాళ్లు మాత్రం మారిపోయి ఉంటారు.

పిల్లులొచ్చి దారి మూశాయి

చార్జీ, రద్దీ ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో ప్రపంచానికి మొదట తెలిసొచ్చింది పిల్లుల వల్ల. కెనడాలోని వాంకూవర్‌కు చెందిన ఓ స్టూడియో 2017 నవంబరు 28న ‘క్రిప్టోకిట్టీస్’ అనే ఆటను వదిలింది. అందులో బొమ్మ పిల్లుల్ని కొనొచ్చు, రెంటిని జతకట్టించి కొత్త పిల్లల్ని పుట్టించొచ్చు, అమ్ముకోవచ్చు. ప్రతి కొనుగోలూ, ప్రతి కాన్పూ ఇథీరియం చిట్టాలోకి ఎక్కాల్సిందే. వారం తిరిగేసరికి జనం విరగబడ్డారు. ఓ పిల్లి ధర లక్ష డాలర్లు దాటింది. నెట్‌వర్క్ మొత్తం రద్దీలో పదో వంతుకు పైగా పిల్లులదే అయింది.

మిగతావారి లావాదేవీలు గంటల తరబడి వరసలో ఆగిపోయాయి. త్వరగా పని కావాలంటే ఎక్కువ చార్జీ ఇస్తామని చెప్పుకోవాల్సిందే. పేజీలో చోటు కొంచెమే. ఎవరు ఎక్కువిస్తే వాళ్లది ముందు రాస్తారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఊరెళ్లే ప్రైవేటు బస్సు టిక్కెట్టు ఎందుకు రెట్టింపవుతుందో ఇదీ అందుకే. చివరికి పిల్లుల కంపెనీ కూడా కాన్పు రుసుమును 0.001 ఈథర్ నుంచి 0.002కు పెంచక తప్పలేదు. తమ రద్దీకి తామే సుంకం కట్టుకోవాల్సి వచ్చిందన్నమాట.

నిమిషంపావులో రెట్టింపు

వేలంపాటలో ఎంత పాడాలో తెలియక జనం అవస్థ పడుతుండటంతో 2021 ఆగస్టు 5న పద్ధతి మార్చారు. అప్పటి నుంచి కనీస చార్జీని నెట్‌వర్కే నిర్ణయిస్తోంది. పేజీ సగానికన్నా ఎక్కువ నిండితే తర్వాతి పేజీకి ధర పెరుగుతుంది. సగానికన్నా తక్కువైతే తగ్గుతుంది. ఒక్కో మెట్టులో మార్పు గరిష్ఠంగా 12.5 శాతం. ఈ కనీస చార్జీ ఎవరి జేబులోకీ పోదు. ఆ ఈథర్లను శాశ్వతంగా చెల్లకుండా చేసేస్తారు. త్వరగా పని కావాలనుకునేవారు పైన కొంత కొసరు ఇచ్చుకోవాలి.

12.5 శాతమే కదా అనిపిస్తుంది. చక్రవడ్డీ లెక్క వేస్తే తెలుస్తుంది అసలు సంగతి. ఆరు పేజీలు వరసగా నిండితే ధర రెట్టింపు. పేజీకి 12 సెకన్ల చొప్పున 72 సెకన్లు... నిమిషంపావు కూడా కాదు. ఇరవై పేజీలు నిండితే పది రెట్లు. అంటే నాలుగు నిమిషాలే!

అలాంటి రాత్రి ఒకటి నిజంగానే వచ్చింది. 2022 ఏప్రిల్ 30న యుగా ల్యాబ్స్ అనే అమెరికా కంపెనీ ‘అదర్‌సైడ్’ పేరుతో కంప్యూటర్ లోకంలో 55 వేల ప్లాట్లను అమ్మకానికి పెట్టింది. భూమి లేదు, పట్టా మాత్రం ఉంది. వాటి కోసం జనం ఒక్కసారిగా ఎగబడ్డారు. కొద్ది గంటల్లో చార్జీల కింద పోయిన సొమ్ము 15 కోట్ల డాలర్లకు పైనే. ప్లాటు ధరకన్నా చార్జీయే ఎక్కువ కట్టినవాళ్లున్నారు. ప్లాటు దొరక్కపోయినా చార్జీ పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఎందుకంటే లావాదేవీ విఫలమైనా కంప్యూటర్లు పడ్డ శ్రమ పడ్డట్టే. కాబట్టి ఆ గ్యాస్ డబ్బు తిరిగి రాదు. బస్సు ఎక్కకపోయినా టిక్కెట్టు సొమ్ము పోయినట్టు! ఆ రోజు అలా నష్టపోయినవారికి కంపెనీ తర్వాత తన జేబులోంచి తిరిగిచ్చింది. అది ఆ కంపెనీ మర్యాదే కానీ నెట్‌వర్క్ నియమం కాదు.

ఆ ఒక్క రోజు ‘వాడుక’ అంకెల్ని మాత్రమే చూసినవారికి ఇథీరియం వెలిగిపోతున్నట్టే కనపడి ఉంటుంది. మామూలుగా డబ్బు పంపుకొందామని వచ్చినవాడికి అది బంద్ రోజు.

సగటు చెప్పే అబద్ధం

చార్జీల గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా వినిపించే మాట ‘సగటు’. దాన్నీ జాగ్రత్తగా చూడాలి. వందమందిలో 99 మంది పదేసి రూపాయలు కట్టి, ఒకరు మాత్రం లక్ష కట్టారనుకుందాం. సగటు చార్జీ వెయ్యి రూపాయల పైచిలుకు తేలుతుంది. నిజానికి అంత కట్టినవాడు ఒక్కడూ లేడు!

2020 జూన్ 10న జరిగింది ఇదే. అప్పట్లో ఇథీరియంలో రోజుకు సుమారు పది లక్షల లావాదేవీలు జరిగేవి. ఆ ఒక్క 26 లక్షల డాలర్లను వాటన్నిటికీ పంచితే తలా రెండున్నర డాలర్లకు పైగా అదనంగా పడుతుంది. ఒక్కరి వింత చేష్ట పది లక్షల లావాదేవీల సగటును మార్చేసిందన్నమాట. అందుకే ఈ లెక్కలు తెలిసినవాళ్లు సగటుతో పాటు మధ్యగతం కూడా చూస్తారు. చార్జీలన్నిటినీ చిన్న నుంచి పెద్దకు వరసగా పేర్చి నట్టనడుమ ఉన్నదాన్ని తీసుకోవడం... పిల్లలు పదో తరగతిలో నేర్చుకునే మధ్యగతమే ఇది. మామూలు మనిషి ఎంత కట్టాడో చెప్పేది అదే.

చౌకైంది... దొంగ ఓట్లొచ్చాయి!

రద్దీ తగ్గించడానికి పక్కదారులు పుట్టాయి. పెద్ద ఊళ్ల చుట్టూ రింగురోడ్లు వేసినట్టన్నమాట. ఆర్బిట్రమ్, ఆప్టిమిజమ్, బేస్ లాంటివి వేల లావాదేవీలను తమ దగ్గర నడిపించి, వాటన్నిటినీ మూటకట్టి ఆ మూటను మాత్రమే ఇథీరియం చిట్టాకు ఎక్కిస్తాయి. చార్జీని అందరూ పంచుకుంటారు. మన దేశపు యువకులు 2017లో ‘మ్యాటిక్’ పేరుతో మొదలుపెట్టిన పాలిగాన్ కూడా ఇథీరియం భారం తగ్గించాలని పుట్టిందే.

2022 సెప్టెంబరు 15న ఇథీరియం తన పనితీరునే మార్చుకుంది. కరెంటు వాడకం 99 శాతానికి పైగా తగ్గిపోయింది. దాంతో చార్జీలూ తగ్గుతాయని చాలామంది ఆశపడ్డారు. తగ్గలేదు. కరెంటు తగ్గింది కానీ పేజీలో చోటు పెరగలేదు మరి. పక్కదారుల మూటలకు విడిగా చవక చోటు కేటాయించింది 2024 మార్చి 13న. అప్పటి నుంచి ఆ దారుల్లో చార్జీ సెంట్లలోకి దిగింది. అసలు దారిలోనూ 2024 ఆగస్టులో, 2025లో చాలా రోజులు గ్యాస్ ధర 1 గ్వై దరిదాపులకు, ఒక్కోసారి అంతకన్నా కిందికీ జారింది.

చిన్నవాడికి ఇది మంచి వార్తే. లెక్కలు చదివేవారికి మాత్రం కొత్త తలనొప్పి. చార్జీ ఎక్కువున్నప్పుడు ఉత్తుత్తి లావాదేవీలు చేయాలంటే చెయ్యి కాలేది. ఇప్పుడు ఒక్క మనిషి ఓ చిన్న ప్రోగ్రాము రాసి వెయ్యి ఖాతాలు తెరవొచ్చు, వాటి మధ్య రోజంతా డబ్బు తిప్పొచ్చు. బ్లాక్‌చైన్‌లో ఖాతా తెరవడానికి ఆధార్ అడిగేవారు లేరు కదా. చిట్టాలో మాత్రం ‘వెయ్యి చిరునామాలు చురుగ్గా ఉన్నాయి’ అని నమోదవుతుంది. బోగస్ రేషన్ కార్డులు చూసి ఊరి జనాభా లెక్కగట్టినట్టే!

ఇంత శ్రమ ఎందుకు పడతారంటే, బహుమతుల కోసం. కొత్త నెట్‌వర్క్‌లు తమను మొదట వాడినవారికి నాణేలు ఊరికే పంచుతుంటాయి. 2023 మార్చి 23న ఆర్బిట్రమ్ అలా పంచింది. ఒకే మనిషి నడిపే గుంపు ఖాతాలని అనుమానం వచ్చినవాటిని వడకట్టాక 6.25 లక్షల చిరునామాలకు అర్హత ఇచ్చింది. ఆ మర్నాటి ఏడాది లేయర్‌జీరో అనే మరో సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. ‘దొంగ ఖాతాలు నడిపినవాళ్లు మీ అంతట మీరే ఒప్పుకోండి, మీకు రావాల్సినదాంట్లో 15 శాతం ఇస్తాం. మేమే పట్టుకుంటే సున్నా’ అని 2024 మేలో ప్రకటించింది. తప్పు ఒప్పుకున్నవాడికి తాయిలమన్నమాట!

దీనికి పూర్తిగా ఎదురు లెక్క కూడా ఉంది. నాణేలు కొని అమ్మిపెట్టే ఎక్స్ఛేంజీలు లక్షలాది ఖాతాదారుల సొమ్మును తమ పేరున ఉన్న కొద్ది చిరునామాల్లోనే ఉంచుతాయి. అక్కడ ఒక్క చిరునామా వెనక ఓ పట్టణమంత జనం ఉండొచ్చు. అంటే వెయ్యి చిరునామాల్లో ఒక్కడే ఉండొచ్చు, ఒక్క చిరునామాలో లక్షమంది ఉండొచ్చు. చిరునామాల సంఖ్య మనుషుల సంఖ్య కాదు.

ఆ రద్దీ గొలుసుకట్టుది

సరే, ఉన్నది నిజంగా మనుషులే అనుకుందాం. రద్దీ ఉందంటే ఆ దారి మంచిదే అనుకోవచ్చా? దానికి జవాబు కోసం మళ్లీ 2020కే వెళ్లాలి.

ఆ ఏడాది జనవరిలో ‘ఫోర్సేజ్’ అనే పథకం మొదలైంది. దాని ప్రోగ్రాము ఇథీరియం మీదే నడిచేది. కొంత ఈథర్ కట్టి చేరాలి. ఆ తర్వాత ఇంకొందరిని చేర్పించాలి. కింద చేరినవారు కట్టిన సొమ్ము పైవారికి పోతుంది. మన ఊళ్లలో ఎప్పటి నుంచో తెలిసిన గొలుసుకట్టు వ్యాపారమే, కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. ‘ఇందులో మోసానికి తావే లేదు. ప్రోగ్రామంతా బహిరంగం, లెక్కంతా బహిరంగం’ అని ప్రచారం చేశారు. జనం నమ్మారు. ఒక దశలో ఇథీరియం గ్యాస్‌ను అత్యధికంగా వాడుకున్నవాటిలో అదీ ఒకటైంది. పట్టికల్లో పైన పేరు చూసి ‘ఇంతమంది చేరారంటే నిజమే అయి ఉంటుంది’ అనుకోవడం సహజమే కదా.

చిట్టా బహిరంగమన్న మాట అబద్ధం కాదు. ఆ చిట్టానే కొందరు విశ్వవిద్యాలయ పరిశోధకులు తెరిచారు. ఏ ఖాతా ఎంత కట్టింది, దానికి ఎంత తిరిగొచ్చిందో కూడికలూ తీసివేతలూ చేసి 2021లో ఫలితం బయటపెట్టారు. చేరినవారిలో దాదాపు 88 శాతం నష్టపోయారు. పైమెట్టు మీదున్న కొద్దిమంది మాత్రం లక్షల డాలర్లు వెనకేసుకున్నారు. ఫిలిప్పీన్స్ అధికారులు 2020 సెప్టెంబరులోనే దాన్ని ఆపమని ఆదేశించారు. 2022 ఆగస్టు 1న అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ 11 మందిపై కేసు పెట్టింది. పథకంలో 30 కోట్ల డాలర్లకు పైగా వసూలైందని ఆరోపించింది.

నష్టపోయిన ఒక్కొక్కరూ లోపలికి వెళ్లేటప్పుడు గ్యాస్ చార్జీ కూడా కట్టారు. వాళ్లు ఎగబడుతున్న కొద్దీ నెట్‌వర్క్‌లో మిగతా అందరికీ చార్జీ పెరిగింది. వాడుక పట్టికలో అదంతా ‘వృద్ధి’గానే కనిపించింది!

ఇంట్లో వేసుకోవాల్సిన లెక్క

యూపీఐకి అలవాటుపడ్డ మనకు చార్జీ అన్నదే గుర్తుండదు. బ్యాంకు ఖాతా నుంచి అన్నకో చెల్లికో డబ్బు పంపితే పైసా కట్టక్కర్లేదు. ఆ ఖర్చును మన తరఫున ఇంకెవరో భరిస్తున్నారు. బ్లాక్‌చైన్‌లో ప్రతిదానికీ పంపేవారే కట్టుకోవాలి. పైగా మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది. కొన్న ధర తప్ప వేరే ఖర్చేదీ లాభంలోంచి తీసేయడానికి చట్టం ఒప్పుకోదు. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలో సర్దుకోవడానికీ వీల్లేదు. చార్జీ చిన్నదే కదా అని వదిలేస్తే చివర్లో లెక్క తప్పుతుంది.

అందుకే ఏ నెట్‌వర్క్ గురించైనా గొప్ప అంకె చెబితే నాలుగు ప్రశ్నలు అడగాలి. చెప్పింది మనుషుల సంఖ్యా, చిరునామాల సంఖ్యా? చార్జీ సగటా, మధ్యగతమా? ఆ రద్దీలో జనం చేస్తున్న పనేమిటి... డబ్బు పంపుకొంటున్నారా, బహుమతి కోసం తిప్పుతున్నారా, గొలుసులో కొత్తవారిని చేర్పిస్తున్నారా? బహుమతులు ఆగిపోయిన నెలలో కూడా ఆ రద్దీ ఉందా?

నాలుగో ప్రశ్న అన్నిటికన్నా పదునైనది. జాతర అయిపోయాక కూడా తెరిచి ఉండేదే అసలు అంగడి.

ఈ ప్రశ్నలకు జవాబులు ఎవరి దయాదాక్షిణ్యాల మీదా ఆధారపడి లేవు. చాలా వరకు ఆ చిట్టాలోనే ఉన్నాయి. చేర్పించడానికి వచ్చినవారినే కూర్చోబెట్టి ‘ఆ పుస్తకం తెరిచి చూపించండి’ అని అడగొచ్చు. నిజంగా లక్షలమంది లాభపడ్డారంటే చూపించడానికి అభ్యంతరం ఏముంటుంది? ఫోర్సేజ్‌లో చేరినవారికీ ఆ పుస్తకం తెరిచే ఉంది. చేరకముందు అందులో చూడాల్సింది ఎంతమంది వెళ్లారని కాదు... వెళ్లినవాళ్లలో ఎంతమంది డబ్బుతో తిరిగొచ్చారని.